రిపోర్టులో "ఎల్‌ఏడీ" అని ఉంది, నెట్ భయపెడుతోంది: వైద్యంలో, సైన్సులో పొట్టిపేర్ల గొడవ

#1 ప్రశ్నార్థకం

నాన్నగారికి మామూలు చెకప్‌లో భాగంగా ఈసీజీ తీశారు. కాగితం పైమూల ఎవరో పెన్నుతో "ఎల్‌ఏడీ" అని రాసి కింద గీత గీశారు. డాక్టరుగారు దొరికేది సోమవారం. ఆగలేక నెట్‌లో వెతికాను. గుండె ముందువైపుకి రక్తం తీసుకెళ్ళే ముఖ్యమైన ధమని పేరట అది. అందులో అడ్డం పడితే మనిషి దక్కడం కష్టమట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కానీ నాకు మాత్రం ఒకటే టెన్షన్. ఆయనకి నొప్పి లేదు, ఆయాసం లేదు, రోజూ నడుస్తున్నారు.

తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. అదే పేజీలో కిందికి వెళ్తే ఎల్‌ఏడీకి ఇంకా ఏవేవో అర్థాలు ఉన్నాయి. వాటిలో మనకి వర్తించేది ఏదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

#2 గుండెచప్పుడు

ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. ఈసీజీ కాగితం మీద ఎల్‌ఏడీ అని రాస్తే అది లెఫ్ట్ యాక్సిస్ డీవియేషన్. గుండెలో కరెంటు ప్రయాణించే సగటు దిశ మామూలుకన్నా ఎడమకి, పైకి తిరిగి ఉందని అర్థం. ఆ దిశని డిగ్రీల్లో కొలుస్తారు. మైనస్ 30 నుంచి ప్లస్ 90 దాకా పెద్దవాళ్ళలో మామూలే. మైనస్ 30 దాటి ఇంకా మైనస్‌లోకి వెళ్తే ఈ పేరు పెడతారు. కారణాలు చాలా ఉంటాయి. గుండెలోని విద్యుత్ తీగల్లో ఒక పాయ సరిగా పనిచేయకపోవడం, ఎడమ జఠరిక గోడ మందమవడం, ఎప్పుడో వచ్చి పోయిన గుండెపోటు... ఏమీ లేకుండా కూడా కనిపిస్తుంది. అందుకే మిగతా ఈసీజీతో కలిపి చూడాలి.

మీరు చదివిన ఎల్‌ఏడీ లెఫ్ట్ యాంటీరియర్ డిసెండింగ్ అనే ధమని. అది యాంజియోగ్రామ్‌లో కనబడుతుంది. ఈసీజీకి ధమనులు కనబడవు, కరెంటు మాత్రమే కనబడుతుంది. సోమవారం దాకా ఆగండి. ఈలోగా ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం లాంటివి వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

మా విభాగంలోనే ఇలాంటిది ఇంకోటి ఉంది, పీడీఏ. పిల్లల గుండె డాక్టరుకి అది పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్, అంటే పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం తెరుచుకునే ఉండిపోవడం. పెద్దవాళ్ళకి స్టెంట్లు వేసే డాక్టరుకి అది పోస్టీరియర్ డిసెండింగ్ ఆర్టరీ. రెండూ గుండె జబ్బుల వార్డులోనే, పక్క పక్క గదుల్లోనే.

#3 ప్రశ్నార్థకం

చాలా థాంక్స్ డాక్టరుగారూ. ఊపిరి పీల్చుకున్నాను.

#4 నైట్‌డ్యూటీ

నేను వార్డులో నర్సుని. కేస్ షీట్ ఫొటో తీసుకుని వెళ్ళి రాత్రి రెండింటికి మళ్ళీ వచ్చి "సిస్టర్, ఇదేంటి" అని అడిగేవాళ్ళు ప్రతి వారం ఉంటారు. ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి బాధేస్తుంది.

మొదటి పేజీలో పేరు, వయసు పక్కనే "డీఓఏ" అని గడి ఉంటుంది. డేట్ ఆఫ్ అడ్మిషన్. ఇంగ్లిష్ సీరియల్స్ చూసేవాళ్ళకి అది "డెడ్ ఆన్ అరైవల్". బతికున్న మనిషి మంచం మీద కూర్చుని ఉండగా, అటెండెంట్ ఆ గడి వైపు అనుమానంగా చూడటం నేను చూశాను.

"ఐవీఎఫ్ స్టార్టెడ్" అని రాస్తాం. వాంతులతో నీరసించి వచ్చిన మనిషికి సెలైన్ ఎక్కించామని. ఇంట్రావీనస్ ఫ్లూయిడ్స్. చదివినవాళ్ళకి సంతాన సాఫల్య చికిత్స గుర్తొస్తుంది. అరవై ఏళ్ళావిడ కొడుకు ఈ మాట అడగలేక అడగలేక అడిగాడు.

"నో సీవీఏ టెండర్‌నెస్" అనేది ఇంకోటి. సీవీఏ అంటే పక్షవాతం అని చాలామందికి తెలుసు, సెరిబ్రోవాస్కులర్ యాక్సిడెంట్. ఇక్కడ మాత్రం అది కాస్టోవర్టిబ్రల్ యాంగిల్. వీపున చివరి పక్కటెముక, వెన్నెముక కలిసే మూల. కిడ్నీ ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే అక్కడ మెల్లగా తట్టి చూస్తారు. నొప్పి లేదని రాశారంతే.

ఇక "బీఎస్" గురించి చెప్పక్కర్లేదు. ఊపిరితిత్తుల చప్పుడు, పేగుల చప్పుడు, రక్తంలో చక్కెర, మూడూ బీఎస్సే. పక్కన నంబరు ఉంటే షుగర్, ఛాతీ పరీక్ష కింద ఉంటే ఊపిరి, పొట్ట పరీక్ష కింద ఉంటే పేగులు. మేం అలాగే చదువుతాం, ఎవరూ నేర్పలేదు.

#5 పిపెట్

నైట్‌డ్యూటీ గారూ, మీకు వార్డులో మూడు అర్థాలుంటే మా ల్యాబ్‌లో ఏపీసీకి ఐదున్నాయి. అన్నీ జీవశాస్త్రంలోనే.

ఇమ్యునాలజీ వాళ్ళకి అది యాంటిజెన్ ప్రెజెంటింగ్ సెల్. పెద్దపేగు క్యాన్సర్ చూసేవాళ్ళకి అడినోమాటస్ పాలిపోసిస్ కోలై అనే జన్యువు. కణ విభజన చదివేవాళ్ళకి అనాఫేజ్ ప్రమోటింగ్ కాంప్లెక్స్. రక్తం గడ్డకట్టడం మీద పనిచేసేవాళ్ళకి యాక్టివేటెడ్ ప్రోటీన్ సి. ఫ్లో సైటోమీటర్ (రంగుల వెలుగుని బట్టి కణాలని లెక్కపెట్టే యంత్రం) ముందు కూర్చున్నవాళ్ళకి అలోఫైకోసయనిన్, ఎర్రగా వెలిగే రంగు.

చివరిదీ మొదటిదీ కలిసి వచ్చే రోజులుంటాయి. ఏపీసీ కణాలని గుర్తించడానికి ఏపీసీ రంగు అంటించిన యాంటీబాడీ వాడతాం. నోట్‌బుక్‌లో "ఏపీసీలు ఏపీసీలో పాజిటివ్" అని రాస్తే మాకు సుబ్బరంగా అర్థమవుతుంది. బయటివాళ్ళకి చూపిస్తే పిచ్చివాళ్ళనుకుంటారు.

#6 మూలకం

రసాయనశాస్త్రం తరఫున నాదొక చిన్న హాజరు. బ్లడ్ రిపోర్టులో టీఎల్‌సీ అంటే మొత్తం తెల్లకణాల లెక్క. మాకది థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ. ఊపిరితిత్తుల పరీక్షలో టోటల్ లంగ్ కెపాసిటీ. ఇంగ్లిష్ వాళ్ళ ఇళ్ళలో టెండర్ లవింగ్ కేర్, ప్రేమగా చూసుకోవడం. ఈఎస్ఆర్ కూడా అంతే. మీకు ఎర్రకణాలు అడుక్కి దిగే వేగం, మాకు ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్.

సీ పెద్దది, ఓ పెద్దది రాస్తే కార్బన్ మోనాక్సైడ్. ఓ చిన్నది చేస్తే కోబాల్ట్. మా దగ్గర ఒక్క అక్షరం సైజు మారితే పదార్థమే మారిపోతుంది. అదే కార్డియాలజీ వాళ్ళకి కార్డియాక్ అవుట్‌పుట్ అనుకుంటా?

#7 గుండెచప్పుడు

అవును, నిమిషానికి గుండె పంపే రక్తం. మధ్యలో అడ్డగీత పెడితే "కంప్లెయినింగ్ ఆఫ్". రోగి చెప్పే బాధల జాబితా దాంతోనే మొదలవుతుంది.

#8 మందులచీటీ

ఫార్మసిస్టుని. ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరదాగా ఉన్నాయి. నా కౌంటర్ దగ్గరికి వచ్చేవి అంత సరదాగా ఉండవు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ఏపీసీకి ఐదు అర్థాలున్నా ఎవరికీ ఏమీ కాదు. రంగు అనుకుని ఎవరూ జన్యువుని సీసాలో పొయ్యలేరు. ఒకటి తప్ప మిగతా అర్థాలు ఆ వాక్యంలో పొసగవు కాబట్టి బుర్ర వాటంతటవే తీసేస్తుంది. ప్రమాదం అర్థాల సంఖ్యలో లేదు. రెండు అర్థాలూ ఒకే గడిలో, ఒకే మోతాదు పక్కన, ఒకే రోగికి సరిపోయేలా ఉన్నప్పుడే ప్రమాదం.

ఉదాహరణకి ఎంఎస్. న్యూరాలజీలో మల్టిపుల్ స్క్లెరోసిస్, కార్డియాలజీలో మైట్రల్ స్టెనోసిస్, కెమిస్టుకి మాస్ స్పెక్ట్రోమెట్రీ, డాక్టరు పేరు పక్కన డిగ్రీ. ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ మందుల షీటులో ఎంఎస్ అంటే? మార్ఫీన్ సల్ఫేట్ కావచ్చు, మెగ్నీషియం సల్ఫేట్ కావచ్చు. మార్ఫీన్ మిల్లీగ్రాముల్లో ఇస్తారు, ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. మెగ్నీషియం గర్భిణులకి ఫిట్స్ ఆపడానికి గ్రాముల్లో ఇస్తారు. రెండూ ఇంజెక్షన్లే, రెండూ సల్ఫేట్లే. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో "వాడకూడదు" అని ఒక చిన్న జాబితా పెట్టింది. అందులో ఎంఎస్ ఉంది, ఆ రెండు మందుల రసాయన సంకేతాలూ ఉన్నాయి.

అదే జాబితాలో యూనిట్‌కి బదులు రాసే "యు" అక్షరం ఉంది. ఇన్సులిన్ 10 పక్కన చేతిరాతలో యు రాస్తే, పైన కలిసిపోయి సున్నాలా కనబడుతుంది. పది కాస్తా వంద అవుతుంది. ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్) అని రాస్తే ఐవీ అనుకుని నరంలోకి ఎక్కించే ప్రమాదం. దశాంశ బిందువు సంగతీ అందులోనే చేర్చారు. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. అర మిల్లీగ్రాముకి ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. పొట్టిపేరు కాకపోయినా జబ్బు ఒకటే, ఒక్క గీత ఆదా చెయ్యబోవడం.

ఇన్‌స్టిట్యూట్ ఫర్ సేఫ్ మెడికేషన్ ప్రాక్టీసెస్ అనే సంస్థ ఇంకా పెద్ద జాబితా నడుపుతుంది. అందులోవి కొన్ని చూస్తే కడుపులో తిప్పుతుంది. ఏజెడ్‌టీ అంటే హెచ్ఐవీకి ఇచ్చే జిడోవుడిన్, దాన్ని అజాథయోప్రిన్ అనుకున్నారనుకోండి. అసలే రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి దాన్ని ఇంకా తగ్గించే మందు ఇచ్చినట్టు. ఎంటీఎక్స్ అంటే మెథోట్రెక్సేటా, మైటోజాంట్రోనా? రెండూ క్యాన్సర్ మందులే. హెచ్‌సీటీ అంటే హైడ్రోకార్టిసోనా, బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడా? ఎస్ఎస్ఆర్ఐ అంటే డిప్రెషన్ మందుల వర్గమని అందరికీ తెలుసు. కొన్నిచోట్ల రక్తంలో చక్కెరని బట్టి మార్చి ఇచ్చే ఇన్సులిన్‌ని, అంటే స్లైడింగ్ స్కేల్ రెగ్యులర్ ఇన్సులిన్‌ని, అవే నాలుగక్షరాలతో రాసేవారు.

#9 అరచెంచా

చీటీ మీద ఓడీ, బీడీ, టీడీఎస్, ఎస్ఓఎస్ అని రాస్తారు కదా, అవి కూడా ఇంగ్లిషేనా?

#10 మందులచీటీ

కాదండీ, లాటిన్. ఎస్ఓఎస్ అంటే "సి ఓపుస్ సిట్", అవసరమైతేనే వేసుకోమని. బీడీ రోజుకి రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. ఓడీ రోజుకి ఒకసారి, లాటిన్‌లో "ఓమ్నీ డియె", ఇప్పుడు చాలామంది ఇంగ్లిష్‌లో వన్స్ డైలీ అని విప్పుకుంటారు. ఇంకో లాటిన్ ఓడీ కంటి డాక్టరు దగ్గర ఉంది, "ఓక్యులస్ డెక్స్‌టర్", కుడికన్ను. ఎమర్జెన్సీ గదిలో ఓడీ ఓవర్‌డోస్.

కంటి చుక్కల చీటీ మీద ఓడీ అని మాత్రమే ఉంటే నేను ఫోన్ చేసి కనుక్కుంటాను. రోజుకోసారి రెండు కళ్ళలోనా, కుడికంట్లోనా అన్నది నేను ఊహించి చెప్పేది కాదు.

#11 పిపెట్

ఎస్ఓఎస్ అనగానే ఆగలేకపోతున్నాను. డీఎన్‌ఏ బాగా దెబ్బతిన్నప్పుడు బ్యాక్టీరియా చేసే ఎమర్జెన్సీ మరమ్మతుని ఎస్ఓఎస్ రెస్పాన్స్ అంటాం. ఈగల్లో "సన్ ఆఫ్ సెవెన్‌లెస్" అనే జన్యువు ఉంది, దాన్నీ ఎస్ఓఎస్ అనే రాస్తాం. కంటిలో కాంతిని గ్రహించే ఏడో కణం లేని ఈగల నుంచి వచ్చిన పేరు. ఇంతకీ ఓడల వాళ్ళ ఎస్ఓఎస్ దేనికీ పొట్టిపేరు కాదు. 1906 బెర్లిన్ సమావేశంలో దాన్ని ఒప్పుకున్నది మోర్స్‌లో మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు ఎంత గోలలోనైనా తెలుస్తాయని. "సేవ్ అవర్ సోల్స్" తర్వాత అతికించారు.

#12 ప్రశ్నార్థకం

నాదొక అమాయకపు ప్రశ్న. ఇంత ప్రమాదం అని తెలిసినప్పుడు అన్నీ నిషేధించి, పూర్తి పేర్లు రాయమంటే పోదా? ఇప్పుడంతా కంప్యూటర్లే కదా.

#13 నైట్‌డ్యూటీ

రాసేది మీరు కాదు కాబట్టి అలా అనిపిస్తుంది :) ఒక షిఫ్టులో ఎంతమంది రోగులకి ఎన్నిసార్లు బీపీ, పల్స్, టెంపరేచర్, ఆక్సిజన్ రాయాలో చూడండి. "ఎస్పీఓటూ 97 ఆన్ ఆర్ఏ" అని ఒక ముక్క రాస్తే అయిపోయేదానికి, గది గాలిలో ఆక్సిజన్ పెట్టకుండా చూస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం ఇంత అని వ్యాసం రాయలేం. ఆర్ఏ అంటే అక్కడ రూమ్ ఎయిర్. రుమటాయిడ్ ఆర్థరైటిసూ కాదు, కుడి కర్ణికా కాదు. పక్కన శాతం ఉన్నాక ఏ నర్సూ పొరబడదు.

కానీ మందుల మోతాదు దగ్గర, డిశ్చార్జి కాగితాల మీద పూర్తి పేరే రాయాలన్నది నేను ఒప్పుకుంటాను. ముఖ్యంగా "డీసీ". డిశ్చార్జి అనీ వాడతారు, డిస్‌కంటిన్యూ అనీ వాడతారు. "డీసీ మెడ్స్" కింద ఐదు మందులు రాసి ఉంటే, అవి ఇంటికి తీసుకెళ్ళాల్సినవా, ఆపేయాల్సినవా? రెండో అర్థం తీసుకుంటే బీపీ మాత్ర ఆగిపోతుంది.

ఇంకోటి, ఐయూడీ. గర్భం రాకుండా లోపల పెట్టే సాధనం. కడుపులోనే బిడ్డ పోవడాన్ని కూడా ఇవే మూడక్షరాలతో రాసేవాళ్ళున్నారు. ఆ రెండో సందర్భంలో నేనైతే పొట్టిపేరు ఎప్పుడూ రాయను. ఎవరూ అడక్కపోయినా పూర్తిగా రాస్తాను.

#14 చూలాలిభర్త

అయ్యో, నేను వారం నుంచి స్కాన్ రిపోర్టులో "బీపీడీ" చూసి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనుకుని, కడుపులో బిడ్డకి మానసిక జబ్బు ఎలా కనిపెడతారా అని ఆలోచిస్తున్నాను.

#15 గుండెచప్పుడు

బైపరైటల్ డయామీటర్, తల అడ్డం కొలత. పక్కన మిల్లీమీటర్లు రాసి ఉంటాయి చూడండి. ఏసీ అంటే పొట్ట చుట్టుకొలత, ఎఫ్ఎల్ అంటే తొడ ఎముక పొడవు. అదే ఏసీ మందుల చీటీ మీద ఉంటే తినకముందు అని. శుభాకాంక్షలు.

#16 నలుపుతెలుపు

స్కాన్ రిపోర్టులు రాసేవాడిని. మా ఎంఆర్ఐలో టీ1, టీ2 అనేవి రెండు రకాల చిత్రాలు, కణజాలం అయస్కాంత ఉద్దీపన నుంచి కోలుకునే కాలాలని బట్టి తీసేవి. టీ2లో నీరు తెల్లగా మెరుస్తుంది. వెన్నెముకలో ఛాతీ భాగపు రెండో పూసనీ టీ2 అంటారు. క్యాన్సర్ గడ్డ దశనీ టీ2 అంటారు. ఇక "టీ2లో టీ2 తెల్లగా కనబడుతోంది" అని రాస్తే మీరు ఏమనుకుంటారు? అందుకే మాలో చాలామంది పూసలకి టీ వాడటం మానేసి, డార్సల్ అనే మాటలోంచి డీ తీసుకుని డీ2 అంటాం. ఒకరు డీ12 అని, ఇంకొకరు టీ12 అని రాస్తే రోగి రెండు వేర్వేరు పూసలనుకుంటాడు. అదొక కొత్త తంటా.

టీ4కి వస్తే ఇంకా వైభోగం. థైరాయిడ్ హార్మోను, నాలుగో పూస, ముదిరిన గడ్డ దశ, బ్యాక్టీరియాని తినే ఒక వైరస్.

#17 కామా ఫుల్‌స్టాప్

సైన్సు పత్రాలకి భాష దిద్దే పని నాది. వార్డులో హడావిడి ఉంటుంది, నైట్‌డ్యూటీ గారి మాట ఒప్పుకుంటాను. పరిశోధన పత్రానికి ఏం హడావిడి? నెలల తరబడి రాస్తారు. అయినా పేరాకో కొత్త పొట్టిపేరు పుట్టిస్తారు.

2020లో ఈలైఫ్ పత్రికలో దీనిమీద ఒక లెక్క వచ్చింది. 1950 నుంచి 2019 దాకా వచ్చిన 2.4 కోట్ల శీర్షికలు, 1.8 కోట్ల సారాంశాలు వెతికారు. పది లక్షలకి పైగా వేర్వేరు పొట్టిపేర్లు దొరికాయి. వాటిలో తరచుగా వాడుకలో ఉన్నవి 0.2 శాతం. 79 శాతం పేర్లు మొత్తం సాహిత్యంలో పదిసార్లు కూడా కనబడలేదు. అంటే పుట్టించినవాళ్ళు తప్ప ఇంకెవరూ పెద్దగా వాడలేదు. అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది డీఎన్‌ఏ, దాని సంగతి వేరు, అది మాట అయిపోయింది. (బ్రిటన్ ఆసుపత్రుల ఓపీ రికార్డుల్లో డీఎన్‌ఏ అంటే "డిడ్ నాట్ అటెండ్", రోగి రాలేదని. దాన్నెవరూ ఆపలేకపోయారు.)

నాకు ఒళ్ళు మండేది గుండె జబ్బుల పత్రాల్లో. ఒకే పట్టికలో హెచ్ఆర్ ఒకచోట హార్ట్ రేట్, రెండు గడుల పక్కన హజార్డ్ రేషియో. సీఐ ఒకచోట కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, ఇంకోచోట కార్డియాక్ ఇండెక్స్. ఓఆర్ ఆడ్స్ రేషియో అయితే, ఆపరేషన్ జరిగింది ఓఆర్‌లో.

#18 పిపెట్

కామా గారితో సగమే ఏకీభవిస్తాను. పొట్టిపేరుకి ఒక గొప్ప గుణం ఉంది. అసలు పేరు తప్పని తేలినా అది బతికేస్తుంది, పాత పత్రాలు వెతకడానికి దారి మూసుకుపోదు.

పీసీపీ చూడండి. ఎయిడ్స్ రోగులకి వచ్చే ఒకరకం న్యుమోనియా. మొదట్లో న్యుమోసిస్టిస్ కారినై న్యుమోనియా అని. ఏకకణ జీవి అనుకున్నది శిలీంధ్రమని తేలింది. తర్వాత మనుషుల్లో ఉండేది వేరే జాతి అని, కారినై అన్నది ఎలుకలదని తేల్చి, మనుషుల దానికి జిరోవెచి అని పేరు పెట్టారు. మరి పీసీపీ? న్యుమోసిస్టిస్ స్పెల్లింగులో పీ, సీ రెండూ ఉన్నాయి కాబట్టి "న్యుమోసిస్టిస్ న్యుమోనియా" అని విప్పుకోమన్నారు. అక్షరాలు కదల్లేదు, అర్థమే సర్దుకుంది. (మత్తుపదార్థం ఫెన్‌సైక్లిడిన్ కూడా పీసీపీనే, అది వేరే కేసు.)

పీ53 ఇంకా తమాషా. 53 అన్నది బరువు, 53 కిలోడాల్టన్లు. జెల్‌లో అది నెమ్మదిగా కదలడంతో బరువెక్కువ అనుకున్నారు. అసలు బరువు సుమారు 44. 1979 నుంచి దాని మీద వచ్చిన పత్రాలన్నిట్లో తప్పు బరువే పేరుగా కూర్చుంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

#19 కామా ఫుల్‌స్టాప్

పీ53 ఒక్కటే పీ53 కాబట్టి ఇబ్బంది లేదు. మీ ఏపీసీ గురించి ఆ మాట చెప్పండి చూద్దాం.

#20 పిపెట్

ఏపీసీకి నా దగ్గర జవాబు లేదు, వదిలేయండి :) కానీ మాలోనూ కట్టుబాట్లున్నాయి. జీ అనే అక్షరం డీఎన్‌ఏలో గ్వానిన్, ప్రోటీన్‌లో గ్లైసిన్. క్యాన్సర్ రిపోర్టులో కేరాస్ జన్యువు పక్కన "జీ12డీ" అంటే 12వ చోట గ్లైసిన్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చిందని. పుట్టు చెవుడు పరీక్షలో "35డెల్‌జీ" అంటే 35వ చోట గ్వానిన్ ఊడిపోయిందని. కలిసిపోకుండా ఇప్పుడు డీఎన్‌ఏ మార్పు ముందు చిన్న సీ, ప్రోటీన్ మార్పు ముందు చిన్న పీ పెట్టి చుక్క పెడతారు. రెండు గుర్తులతో పని అయిపోయింది, నిషేధాలు అక్కర్లేదు.

#21 కోడ్‌కూలీ

జన్యువుల పేర్లు వచ్చాయి కాబట్టి మా వైపు కథ. మార్చ్1, సెప్ట్1 అని జన్యువులు ఉండేవి. ఎక్సెల్‌లో టైపు చేస్తే మార్చి 1, సెప్టెంబరు 1 అయిపోయేవి. 2016లో జీనోమ్ బయాలజీ అనే పత్రికలో వచ్చిన పరిశీలనలో, జన్యువుల జాబితాలని ఎక్సెల్ ఫైళ్ళుగా జతచేసిన పత్రాల్లో దాదాపు ఐదోవంతులో ఇలాంటి తప్పులు దొరికాయి. చివరికి సాఫ్ట్‌వేర్ కాదు, జన్యువులే లొంగాయి. 2020 నాటికి వాటిని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చారు. ఆ ఆటోమేటిక్ మార్పుని ఆపుకునే వీలు ఎక్సెల్‌లో వచ్చింది 2023లో.

ఇంకో మాట, ప్రశ్నార్థకం గారు కంప్యూటర్లు ఉన్నాయి కదా అన్నారు. పొట్టిపేరు కొట్టగానే దానంతటదే విప్పి రాసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నాకు వాటిమీద నమ్మకం తక్కువ. "పీఈ" అని ఉంటే చదివే డాక్టరు ఆగి, పల్మనరీ ఎంబాలిజమా, ప్లూరల్ ఎఫ్యూజనా, ఫిజికల్ ఎగ్జామినేషనా అని ఒక క్షణం ఆలోచిస్తాడు. సాఫ్ట్‌వేర్ తప్పుగా విప్పి పూర్తి మాట రాసేస్తే ఆ క్షణం పోతుంది. అనుమానం వచ్చే ఆనవాలే మిగలదు. మార్చినా పక్కన అసలు అక్షరాలు కనబడేలా ఉంచాలి.

#22 మందులచీటీ

ఈ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నా దగ్గరకి వచ్చే ప్రింటు చీటీల్లో చేతిరాత గొడవ పోయింది, తప్పు మందు డ్రాప్‌డౌన్‌లో ఎంచుకునే గొడవ వచ్చింది. అచ్చులో ఉంది కదా అని ఎవరూ అడగరు.

#23 చుక్కలలెక్క

ఆకాశం చూసేవాళ్ళ తరఫున రెండు ముక్కలు. ఆర్ఏ మాకు రైట్ అసెన్షన్, నక్షత్రం చిరునామాలో సగం. ఏయూ భూమికీ సూర్యుడికీ సగటు దూరం. చెవుల డాక్టర్లకి ఏయూ అంటే రెండు చెవులూ అని ఎక్కడో చదివి చాలాసేపు నవ్వాను. 2012లో అంతర్జాతీయ ఖగోళ సంఘం మా దాన్ని చిన్నక్షరాల్లో రాయమని చెప్పింది, చెవుల కోసం కాదనుకోండి.

యూటీసీ సంగతి తెలుసా, ప్రపంచమంతా గడియారాలు సరిచూసుకునే సమయం, కోఆర్డినేటెడ్ యూనివర్సల్ టైమ్? ఇంగ్లిష్ వరసలో సీయూటీ రావాలి, ఫ్రెంచి వరసలో టీయూసీ రావాలి. ఎవరి మాటా చెల్లకుండా ఏ భాషకీ సరిపోని వరస ఒకటి ఖాయం చేశారు.

#24 ప్రశ్నార్థకం

అప్‌డేట్. డాక్టరుగారు చూశారు. గుండెచప్పుడు గారు చెప్పినట్టే లెఫ్ట్ యాక్సిస్ డీవియేషన్. ఎకో కూడా తీశారు, బాగుందన్నారు. రిపోర్టు చివర "ఎన్‌ఏడీ" అని రాశారు. ఈసారి నెట్‌లో వెతక్కుండా ఇక్కడే అడుగుతున్నాను.

#25 నైట్‌డ్యూటీ

నథింగ్ అబ్‌నార్మల్ డిటెక్టెడ్. హాయిగా ఉండండి. (సీనియర్లు జూనియర్లని ఏడిపించేటప్పుడు మాత్రం "నాట్ యాక్చువల్లీ డన్" అంటారు, అసలు పరీక్షే చెయ్యలేదని. మీకు ఎకో తీశారు కాబట్టి మీది మొదటిదే.)

#26 థీసిస్‌టెన్షన్

కొత్త మెంబర్ని. ఈ చర్చ మొత్తం చదివాను, నాకు సరిగ్గా ఇదే సమస్య. ఆపరేషన్ తర్వాత నొప్పి మీద నా థీసిస్. రోగి తనే బటన్ నొక్కి నొప్పి మందు తీసుకునే పద్ధతి, పేషెంట్ కంట్రోల్డ్ అనల్జీసియా, పీసీఏ. డేటాకి వాడిన గణిత పద్ధతి ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్, అదీ పీసీఏ. గైడ్ గారు "సందర్భాన్ని బట్టి తెలుస్తుందిలే" అంటున్నారు. పీసీఏ1, పీసీఏ2 అని పెట్టనా?

#27 కామా ఫుల్‌స్టాప్

వద్దు, బాబోయ్. పీసీఏ1 అంటే గణితం వాళ్ళు మొదటి కాంపొనెంట్ అనుకుంటారు. "పీసీఏ వాడిన రోగుల పీసీఏ" అనే వాక్యం మీ థీసిస్‌లో ఎక్కడో ఒకచోట రాకుండా ఉండదు, అక్కడ ఏ సందర్భమూ కాపాడదు.

ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టిపేరు ఉంచండి, మీ విషయంలో అది నొప్పి మందు. గణిత పద్ధతి రెండో అధ్యాయంలో, ఫలితాల్లో కొన్నిచోట్ల వస్తుంది, అంతే కదా? అక్కడ ప్రతిసారీ పూర్తి పేరు రాయండి. పేజీ నిడివి ఏమంత పెరగదు.

#28 మందులచీటీ

మూడో పీసీఏ ఒకటుంది, పోస్టీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ. మీ రోగుల్లో పక్షవాతం వచ్చినవాళ్ళు ఉంటే వాళ్ళ స్కాన్ రిపోర్టుల్లోంచి అది కూడా మీ డేటా షీటులోకి వచ్చి ఉండొచ్చు. ఒకసారి ఫైల్లో వెతికి చూసుకోండి.

#29 థీసిస్‌టెన్షన్

వెతికాను సార్, నిజంగానే ఉంది. "పాస్ట్ హిస్టరీ" కాలమ్‌లో. లెక్కల్లోకి ఆ రోగులు కూడా "పీసీఏ వాడినవాళ్ళు"గా వచ్చేస్తున్నారు. ఇప్పుడే ఆ వరసలు విడిగా తీస్తున్నాను.

#30 కోడ్‌కూలీ

తీసేముందు ఒరిజినల్ ఫైల్ కాపీ పక్కన పెట్టుకోండి. తర్వాత ఆ అక్షరాల మీద ఫిల్టర్ పెట్టకుండా, మందు ఇచ్చిన కాలమ్‌లో పంపు మొదలుపెట్టిన టైము ఉందా లేదా అన్నదాని మీద పెట్టండి. గ్రాఫుల అక్షాల మీద, కింద వివరణల్లో కూడా మార్చడం మర్చిపోకండి, టెక్స్టులో ఫైండ్ అండ్ రీప్లేస్ చేస్తే బొమ్మల్లోవి మారవు.